నీడలో పెట్టిన కొలత

కళ్ళు మూసుకోమని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. పిలిచేదాకా తెరవొద్దంది, నలపొద్దంది, పది నిమిషాలకోసారి వచ్చి మళ్ళీ చుక్కలు వేస్తానంది, మొత్తం గంట పడుతుందంది. ఫొటోలు తీసే మనిషిని గంటసేపు కళ్ళు మూసుకోమనడం వంటమనిషిని ముక్కు మూసుకోమనడం లాంటిదే, అయినా ఆమె బుద్ధిగా మూసుకుంది. చుక్క చల్లగా పడింది, పడీ పడగానే మంటెత్తింది, ఆ మంట కంటి మూలల్లోంచి ఎటో జారిపోయి చివరికి గొంతులో చేదుగా తేలింది. కంట్లో వేసిన మందు గొంతులో తేలడమేమిటో! పక్క కుర్చీలోంచి బాబాయి, చేదు దిగిందా ముల్లమ్మా అని అడిగాడు. దిగిందంది. తనకింకా దిగలేదనీ, ముసలి కళ్ళు కదా దారి మరిచిపోయి ఉంటుందనీ ఆయనే అనుకుని ఆయనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు విని ఆమెకి ప్రాణం ఉసూరుమంది. ఇంత మంచిగా నవ్వకపోతే చెప్పడం కొంచెం సులువయ్యేది.

రెప్పల వెనక ఎర్రగా ఉంది. కిటికీ అటువైపు ఉన్నట్టుంది, ఎర్రదనం అటు పక్క పలచగా, ఇటు పక్క చిక్కగా ఉంది. ఈపాటికి లోపల కంటిపాప విచ్చుకుంటూ ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ అది ఎండలోకి వెళ్తే ముడుచుకుంటూ, నీడలోకొస్తే విప్పారుతూ, దాని పని అది చేసుకుపోయింది గాని ఒక్కనాడూ ఆమె సలహా అడగలేదు. తనంతట తనే కొలుచుకునే కెమెరాలాగా, ఊరికే వచ్చిన ఆటో. ఈ మందు దాన్ని కట్టిపడేసింది. ఇక సాయంత్రం దాకా ఎండైనా నీడైనా దానికి ఒకటే కొలత, తెరిచిన తలుపు తెరిచినట్టే. నీడలో పెట్టిన కొలతతో ఎండలోకి వెళ్ళడమంటే ఇదే కదా, అనుకుంది. అనుకున్న మరుక్షణం గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంది, ఎవరూ ఏమీ అనకపోయినా.

ఎవరూ ఏమీ అనలేదు, అదే తంటా. ముప్ఫయ్యారేళ్ళుగా ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెళ్ళిలో ఒకే ఒక్క ఫొటో, మళ్ళీ తీయడానికి వీల్లేని ఫొటో, ఆమె చేతులారా పాడుచేసింది. పాడుచేసి ఆ తప్పు తీసుకెళ్ళి, ఇదిగో ఈ పక్కన చేదు ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూస్తున్న మనిషి నెత్తిన పెట్టింది. అది ఆయనకి ఇప్పుడు చెప్పాలి. ఈ గంటలో చెప్పాలి. ఎందుకంటే పొద్దున కారులో ముందు సీట్లో కూర్చుని బాబాయి, కొత్త బట్టలు కొనిపెడతామన్న పిల్లాడికున్నంత హుషారుగా, ఆపరేషనయి కన్ను తేటపడగానే ముందు మంచం కింద రేకు డబ్బా తీస్తానన్నాడు. నాన్నతో కలిసి నడిపిన స్టూడియో వదిలి వచ్చేసిన రోజు ఆయన పట్టుకొచ్చుకున్నది ఆ డబ్బా ఒక్కటే, నిండా పాత నెగటివ్‌లు. ఒక్కొక్కటే కిటికీకి పట్టుకుని చూస్తాడట. స్టీరింగ్ పట్టుకున్న చెల్లి, అంటే బాబాయి కూతురు, నాన్నకి ఇక పండగే అక్కా అంది. ఆ పెళ్ళి నెగటివ్ పారేశానని బాబాయి అప్పట్లో అన్నాడు గాని, డార్క్‌రూములో బతికినవాడు అంగుళం ఫిల్మ్ పారేయగా ఆమె ఎన్నడూ చూడలేదు. అది ఆ డబ్బాలోనే ఉండుంటుంది. ఆ రోజు గొడవలో సరిగ్గా చూసుండడు, ఇప్పుడు తీరిగ్గా, పొర తీసేసిన కొత్త కంటితో చూస్తాడు. చూశాడంటే తెలిసిపోతుంది. ఆయనకి ఆయనగా తెలియకముందే తన నోటితో చెప్పాలి, ఆ పాటి సిగ్గయినా మిగుల్చుకోవాలి. చెల్లి ఏదో గుండె రిపోర్టు మరిచిపోయిందని పక్క భవనంలోకి వెళ్ళింది. చెల్లి తిరిగొచ్చేలోపు, నర్సు బాబాయిని లోపలికి తీసుకెళ్ళేలోపు. ఎలాగూ వస్తున్నావు కదా, నీ కళ్ళూ చూపించుకో అక్కా అని చెల్లి అనబట్టి ఇలా ఇద్దరూ పక్కపక్కనే ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చునే వీలు దొరికింది. వెతికినా ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

ముల్లమ్మ అని ఆ పేరు పెట్టింది ఆయనే. కెమెరా కంట్లో పెట్టుకుని చూస్తే లోపల కుడి పక్కన ఒక చిన్న ముల్లు ఉండేది, వెలుతురెక్కువైతే పైకి, తక్కువైతే కిందికి ఊగేది. పదేళ్ళ పిల్ల, ఫొటో తీయడం రాదు గాని ఆ ముల్లుని ఊపడం కోసం కెమెరా పట్టుకుని కిటికీకీ మూలకీ మధ్య గిరగిరా తిరిగేది. నాన్నకి కోపం వచ్చేది. నాన్నకి అన్నిటికీ కోపమే, కానీ ఫొటో విషయంలో ఆయన కోపానికి ఒక అందం ఉండేది. లెన్సు మీద వెలుతురు రింగు తిప్పు, షట్టరు స్పీడు మార్చు, ముల్లు మధ్యకి వచ్చిందా, వచ్చాక ముల్లుని నమ్మకు అనేవాడు. ముల్లుకి వెలుతురు తెలుసు గాని ఎదురుగా ఉన్నది పెళ్ళికూతురో సున్నం కొట్టిన గోడో దానికేం తెలుసు, ఏం చూపించినా సగం బూడిద చేసి చేతులు దులుపుకుంటుంది. తెల్లచీర కట్టుకున్న మనిషిని చూపిస్తే మాసిన చీర చేస్తుంది, కిటికీ ముందు మనిషిని నిలబెడితే మనిషిని మసి చేసి కిటికీని కాపాడుతుంది. అందుకే నువ్వు చూడు, నువ్వే కొలువు, నీ చేత్తో పెట్టు. అప్పుడే కొత్తగా తనంతట తనే కొలుచుకునే కెమెరాలొచ్చాయి. పక్క వీధి స్టూడియోవాడు ఒకటి కొంటే నాన్న దాన్ని చూసి, పెళ్ళాం పక్కనుంటే గాని మాట్లాడలేని మగాడిలా ఉందిది అన్నాడు. అమ్మ లోపల్నుంచి, ఈ ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరో అంది. చేత్తో తీసిన ఫొటోలో ఒప్పూ నీదే తప్పూ నీదే, మిషన్‌తో తీస్తే రెండూ నీవి కావు, అది నాన్న వేదం.

బాబాయికి వేదాలు లేవు, తొట్లు ఉండేవి. మెట్ల కింద గది, ఎర్ర బల్బు, వరసగా మూడు తొట్లు, పులుపు వాసన. ఆ వాసన ఆయన వేళ్ళలో, చొక్కాలో, ఆఖరికి తినే అన్నంలో కూడా ఉంటుందని పిన్ని గోల పెట్టేది. రీలు డబ్బాలో వేసి, మందు పోసి, గోడ గడియారాన్ని చూడకుండా ఆయన అంకెలు లెక్కపెడుతూ డబ్బా తిప్పేవాడు. పాటలా లెక్కపెట్టేవాడు, నూట ఇరవై దగ్గర ఒక మెలిక, రెండొందల నలభై దగ్గర ఇంకో మెలిక. ఆమె గడియారం పట్టుకుని తప్పు దొరుకుతుందేమోనని కాపు కాసేది. ఎన్నేళ్ళు కాసినా ఒక్క సెకను దొరకలేదు. కాగితం మీద తొట్టిలో ముఖాలు మెల్లగా పైకి తేలేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు, వచ్చాడమ్మా పెద్దమనిషి అనేవాడు, ఎవరి ముఖమైనా సరే, పిల్లదైనా సరే, వచ్చాడమ్మా పెద్దమనిషి. ఇంట్లో ఆమె మీద అరవని మగాడు ఆయనొక్కడే. నాన్న అరిచాక ఆమె వెళ్ళి కూర్చునేది కూడా ఆ మెట్ల కిందే, చీకట్లో ఏడిస్తే ఎవరికీ కనబడదు గనక.

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. మళ్ళీ చుక్కలు. గడ్డం పైకెత్తండి, ఊఁ, అంతే. నర్సు వేళ్ళు సబ్బు వాసన వేస్తున్నాయి. ఒక్క క్షణం రెప్ప తెరిస్తే పైన ట్యూబులైటు లైటులా లేదు, పాలు ఒలికినట్టు పైకప్పంతా పరుచుకుని ఉంది, నర్సు ముఖం ఉండాల్సిన చోట వెలుతురులో నానుతున్న ఇంకో వెలుతురు. మూసుకుంది. ఎవరో ఎవరికో ఫోనులో, నేను రాలేనని చెప్పాగా, చెప్పాగా అని ఒకే మాట తిప్పితిప్పి అంటున్నారు. చక్రాల బండి ఒకటి కిర్రుమంటూ వెళ్ళింది. ఎంతమందిని పిలిచారు, ఎంతసేపయింది? బాబాయిని అడిగితే సెకన్లతో సహా చెప్తాడు, అడగలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్పేస్తే, అనుకుంది.

ఆ పెళ్ళి హాలు కూడా ఇలాగే పొడుగ్గా ఉండేది, కిటికీలు ఎక్కడో ఎత్తున ఉండేవి, లోపల మధ్యాహ్నం పూట కూడా సాయంత్రంలా ఉండేది. ఆమెకి ఇరవయ్యొక్కటి. నాన్నకి జ్వరమొచ్చింది, మొదటిసారి ఒక్కదాన్నే పంపించాడు. పంపుతూ ఒక్క మంచి మాట అనలేదు, రింగు చూసుకో అన్నాడంతే. చూసుకుంది. హాలంతా నాలుగు మూలలా తిరిగి, అరచెయ్యి వెలుతురుకి పెట్టి కొలిచి, రింగు పూర్తిగా తెరిచి, స్పీడు తగ్గించి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి ఊపిరి ఆపి తీసింది. పొద్దుటినుంచీ ఒక్క ఫొటో తప్పు పోలేదని ఆమెకి తెలుసు. గర్వంగా ఉంది, ఎందుకుండదు! అప్పుడు పెళ్ళికూతురి అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు, తాతయ్య బయటికొస్తానంటున్నాడు, రండి రండి అని. ఆ తాతగారు ఆరు నెలలుగా మంచం దిగలేదట. మనవరాలితో ఎండలో కూర్చుని ఒక్క ఫొటో తీయించుకుంటానని ఆ పూటే పట్టుబట్టాడట. నలుగురు కుర్చీతో సహా మోసుకొచ్చి పెరట్లో నడిమధ్యాహ్నపు ఎండలో దించారు. ఎక్కువసేపు కూర్చోలేరు, తొందరగా, తొందరగా అని అందరూ ఒకటే కేకలు. ఆమె పరిగెత్తింది. కెమెరా కంటికి ఎత్తితే ముల్లు పైకి ఎగిరి అక్కడే అతుక్కుపోయి ఉంది, అది కనబడింది కూడా, కనబడి కూడా చూడలేదు. ఎందుకంటే ఆ పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, సరాసరి ఆమె వైపే చూస్తూ, బావున్నానామ్మా అని అడిగాడు. చాలా బావున్నారు తాతగారూ అంది. నాలుగు తీసింది. ఆయన నాలుగింటికీ నవ్వాడు.

కుర్చీ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆమె కూడా హాల్లోకి వచ్చింది, నీడలోకి వచ్చాక రింగు తెరవడానికి వేళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. రింగు తిరగలేదు. ఎందుకు తిరుగుతుంది, అది తెరిచే ఉంది. పొద్దుట పెట్టిన చోటే ఉంది. స్పీడు కూడా అక్కడే ఉంది. అప్పుడు చెయ్యి చల్లబడిపోయింది, ఇప్పుడు తలుచుకున్నా వేళ్ళ చివర్లలో అది తెలుస్తుంది. మిషనైతే ఈ తప్పు చెయ్యదు, వెయ్యి తప్పులు చేస్తుంది గాని ఇది చెయ్యదు. ఇది చేత్తో పెట్టేవాళ్ళు మాత్రమే చేసే తప్పు, కొలవడం వచ్చినవాళ్ళు చేసే తప్పు. తాతగారి గది పది అడుగుల దూరంలో ఉంది. వెళ్ళి, ఏమండీ పాడైపోయింది, ఇంకొక్కసారి అనుంటే? మోసుకొచ్చేవారో లేదో, తిట్టేవారో, నవ్వేవారో. ఆడపిల్లని పంపితే ఇంతే అనేవారు, అది ఖాయం. అడగలేదు. మిగతా రీలంతా హాల్లోనే పూర్తిచేసింది, అన్నీ చక్కగా వచ్చాయి, ఆ నాలుగు తప్ప.

రీలు తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది. ఏమీ చెప్పలేదు. మందులో ఏదైనా అద్భుతం జరుగుతుందేమోనని చిన్నపిల్లలా ఆశపడింది. జరగలేదు. కాగితం మీద తెల్లటి తెలుపు వచ్చింది, అందులో కుర్చీ కాళ్ళు రెండు, ఎవరిదో చెప్పు ఒకటి, కళ్ళద్దాల అంచు ఉండాల్సిన చోట సన్నటి గీత. పెళ్ళయిన పదకొండో రోజున ఆ తాతగారు పోయారు. పన్నెండో రోజున పెళ్ళికూతురు స్టూడియోకి వచ్చి ఆ ఫొటో అడిగింది. నాన్న ఆ తెల్ల కాగితం చూసి, ఆ అమ్మాయిని చూసి, కూతుర్ని చూశాడు. ఏమైంది అన్నాడు. అరవలేదు, అరిచుంటే ఏడ్చేసి నిజం చెప్పేసేదేమో. మెల్లగా అడిగాడు గనక అబద్ధం కూడా మెల్లగా, పొందిగ్గా వచ్చింది. నేను సరిగ్గానే పెట్టాను నాన్నా, బాబాయి డబ్బా సరిగ్గా తిప్పక ఆ నాలుగింటి మీద మందు ఎక్కువసేపు నిలిచిపోయినట్టుంది. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత అప్పటికే ఉంది, కానీ ఆ గదిలో ఎవరికీ గుర్తురాలేదు.

బాబాయి ఎర్ర బల్బు గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నెగటివ్ ఏదీ అని నాన్న అడిగాడు. పారేశానన్నాడు. పారేయడమేంట్రా, ఎవడైనా పారేస్తాడా అన్నాడు నాన్న. పాడైంది కదా పారేశానన్నాడు. ఆ తర్వాత అరుపులు. బాబాయి మాట్లాడేకొద్దీ నాన్న గొంతు పెరిగింది, నాన్న గొంతు పెరిగేకొద్దీ బాబాయి మాటలు తగ్గాయి. పదిహేనేళ్ళుగా లోపల దాచుకున్నవన్నీ, వాటాలూ, పిన్ని అన్న మాటలూ, ఎప్పుడో విరిగిన స్టాండూ, ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. అన్నదమ్ములిద్దరూ ఫొటో సంగతి ఎప్పుడో మరిచిపోయారు, ఆమె ఒక్కతే మరిచిపోలేదు. ఆమె కౌంటరు వెనక నిలబడి ఒక కవరు అంచు మడుస్తూ, విప్పుతూ, మడుస్తూ ఉంది. నోరు తెరిస్తే చాలు, ఒక్క మాట. రేపు చెప్దాం అనుకుంది. మర్నాటికి బాబాయివాళ్ళుండే మేడ మీద వాటా ఖాళీ అయిపోయింది. బాబాయికి ఒక ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో పని దొరికింది, ముఖాలు కడిగిన మనిషి పాతికేళ్ళు ఎముకలు కడిగాడు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు. నాన్న పోయినప్పుడు బాబాయి గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు, లోపలికి రా బాబాయ్ అని ఆమె చెయ్యి పట్టుకుంటే, ముల్లమ్మా అన్నాడు, అదే పేరు, అదే గొంతు. ఆ పూట నాన్న కోసం ఏడ్చిందో దేనికోసం ఏడ్చిందో ఆమెకే తెలియదు. అప్పటినుంచీ నెలకోసారి వెళ్ళి చూసివస్తుంది. వెళ్ళిన ప్రతిసారీ ఈసారి చెప్పాలనుకుంటూ వెళ్తుంది. నాన్నకి చెప్పే వీలు తొమ్మిదేళ్ళ కిందటే పోయింది.

ఇక ఆమె చేతి సంగతి. చేత్తో తీసే మనిషని ఆమెకి పేరు. ఆదివారాలు పదిమందికి పాఠం చెప్తుంది, డయల్ మీద ‘ఎం’ దగ్గర, అంటే మాన్యువల్‌లో పెట్టండి, కెమెరాకి కాదు మీకు తెలియాలి వెలుతురు అని నాన్న మాటలన్నీ నాన్న గొంతుతోనే అప్పజెప్తుంది. పిల్లలు రాసుకుంటారు. పనికి వెళ్ళినప్పుడు మాత్రం కారు దిగేముందు ఎవరూ చూడకుండా బొటనవేలితో డయల్ తిప్పేస్తుంది. ఆటో. ముప్ఫయ్యారేళ్ళుగా ఆటో. తెల్లచీరలు కాస్త మాస్తాయి, కిటికీ ముందు మనుషులు కాస్త మసకబారుతారు, తర్వాత కంప్యూటర్లో కూర్చుని సరిచేసుకుంటుంది, ఎవరికీ తెలియదు. మిషన్ మీద ఆమెకి ప్రేమేమీ లేదు. అది తప్పు చేస్తే అది చేసినట్టు, అంతే. ఒకటి రెండుసార్లు ధైర్యం చేసి చేత్తో పెట్టింది, కానీ గదిలోంచి వాకిట్లోకి అడుగు పెట్టేసరికి కళ్ళద్దాలు తుడుచుకునే ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. బావున్నానామ్మా అన్నాడు. బొటనవేలు దానంతటదే వెళ్ళిపోయింది.

ఆఖరి విడత చుక్కలు వేసి, పెద్దాయనా మీకు ఇంకో అయిదు నిమిషాలే అని చెప్పి నర్సు వెళ్ళింది. అయిదు నిమిషాలు. చేదు మళ్ళీ గొంతులోకి దిగుతోంది. ఆమె కళ్ళు తెరిచింది, తెరవొద్దన్నా తెరిచింది. హాలు లేదు. పెద్ద తెలుపు ఉంది, అందులో నల్లటివి మాత్రమే మిగిలాయి. కుర్చీల కాళ్ళు, నేల మీద చెప్పులు, తలుపు సందు. పక్కన బాబాయి ముఖం చూద్దామని తిరిగితే ముఖం రాలేదు, తెల్లచొక్కా ఎక్కడ ఆగి చెంప ఎక్కడ మొదలైందో తెలియలేదు. భయమేసింది. ఇలాగే ఉంటుందా, తను చేసింది ఇలాగే ఉండుంటుందా ఆ పెళ్ళికూతురికి? చెయ్యి చాపి తడిమింది, ఆయన చెయ్యి కుర్చీ పిడి మీద దొరికింది. ఎండిపోయిన, తేలికపాటి చెయ్యి. ఏమ్మా, భయమేస్తోందా అన్నాడు. ఆపరేషను ఆయనకి, భయం తనకా! ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కళ్ళు మూసుకుంది. మూసుకునే చెప్పింది.

"బాబాయ్, ఆ పెళ్ళి రీలు నువ్వు పాడుచెయ్యలేదు. నేను చేశాను. హాల్లో పెట్టిన కొలత పెరట్లో మార్చలేదు."

ఏ పెళ్ళి అని ఆయన అడగలేదు. దూరంగా ఎవరికో టోకెన్ నంబరు చెప్తున్నారు.

"తెలుసమ్మా," అన్నాడు. తడి రీలు పైకెత్తి పట్టుకున్నప్పుడే తెలిసిందట. ఫిల్మ్ అంచున కంపెనీవాళ్ళు వేసిన అంకెలు ఉంటాయి కదా, తన మందు తప్పైతే ఆ అంకెలు కూడా అలుక్కుపోవాలి కదా, అవి శుభ్రంగా, ముగ్గులా ఉన్నాయట. బొమ్మలు మాత్రం నాలుగూ వెలుతురెక్కువై బొగ్గు. ఇందులో తెలియడానికేముంది, అన్నాడు. ఆ ముక్క గొడవైన సాయంత్రమే కాల్చేశాడట. డబ్బాలో లేదట.

మరి నాన్నకెందుకు చూపించలేదని అడిగింది. అడిగిన గొంతు తనది కాదనిపించింది.

"చూపిస్తే నీకు తెలిసిపోదూ?" అన్నాడు బాబాయి, అది కూడా అడగాలా అన్నట్టు. "చిన్నపిల్లవి. మొదటి పని. ఆ ముసలాయన ఫొటో చెడగొట్టింది నువ్వేనని తెలిస్తే ఇక నీ చెయ్యి జన్మలో నిలవదు. మా అన్న నన్నంటే అన్నాడులే, నాకు రెండు చేతులున్నాయి, ఎక్కడైనా కడుక్కుంటా అనుకున్నా. పిల్ల చెయ్యి నిలిస్తే చాలనుకున్నా."

అక్కడితో ఊరుకోవచ్చు. ఆయన క్షమించేశాడు, ఎప్పుడో, అడగకుండానే. ఊఁ కొడితే చాలు, చెయ్యి పట్టుకుని కూర్చుంటే చాలు. అయితే ఆయన క్షమించింది తనని కాదని ఆమెకి అప్పుడే అర్థమైంది. ఏమీ తెలియని ఒక పిల్ల ఉందనుకుని, ఆ పిల్లని క్షమించి, ఆ పిల్ల కోసం ఇల్లూ అన్నా పనీ వదులుకుని ఎక్స్‌రే గదిలో కూర్చున్నాడు. ఆ పిల్ల ఎప్పుడూ లేదు. వద్దు, చెప్పకు, ముసలాయన, ఇంకో నిమిషంలో కత్తి కిందికి వెళ్ళే మనిషి అని ఒక మనసు. ఇప్పుడు కూడా ఊరుకుంటే మళ్ళీ ఆటోయే కదా అని ఇంకో మనసు.

"చెయ్యి నిలవలేదు బాబాయ్," అంది. "నాకు అప్పుడే తెలుసు. పెరట్లోంచి లోపలికి రాగానే తెలుసు. తెలిసే నాన్నతో అలా చెప్పాను."

ఆమె చేతి కింద ఆయన చెయ్యి కదల్లేదు. కదిలుంటే బావుండేదనిపించింది. ఆయన ఊపిరి వినబడుతోంది, ఒకటి, ఇంకొకటి. చెప్పుల చప్పుడు వస్తోంది, సబ్బు వాసన వస్తోంది, పెద్దాయనా రండి, మీ వంతు అంటోంది నర్సు. ఆయన మెల్లగా చెయ్యి లాక్కుని పిడి మీద ఆనించి లేచాడు. నర్సు మోచెయ్యి పట్టుకుంది. నేల మీద కాళ్ళు ఈడ్చుకుంటూ అయిదారు అడుగులు వేశాడు, ఆగాడు. అమ్మా ఒక్క నిమిషం అన్నాడు. ఆ అమ్మా అన్నది నర్సుని.

"రీలు నా చేతికిచ్చేటప్పటికే తెలుసన్నమాట," అన్నాడు.

"తెలుసు."

"ఒక్క మాట చెప్పాల్సింది." ఆయన గొంతులో కోపం లేదు, అంతకన్నా పెద్దదేదో ఉంది. "మందులోంచి సగం లెక్కకే తీసేసేవాణ్ణి. మిగతా ఫొటోలు పలచబడితే పడేవి. ఆ ముసలాయన ముఖం వచ్చేది."

ఆమె కళ్ళు తెరిచింది. తెలుపులో ఆయన ఆకారం తలుపు దగ్గర ఇటు తిరిగి నిలబడి ఉంది, కానీ చూస్తున్నది ఆమెని కాదు. కళ్ళు ఆనక, గొంతు ఎటు నుంచి వచ్చిందో పోల్చుకోలేక, రెండు కుర్చీల అవతల ఖాళీగా ఉన్న గోడకేసి చూస్తూ జవాబు కోసం ఆగాడు. ఆమె లేచి, గోడ తడుముకుంటూ, ఆయన చూస్తున్న చోటికి వెళ్ళి నిలబడింది.